సింధనూరు రోడ్డున వెలుతురు విన్నాం

మక్తల్ దాటాక కార్లు పలచబడి లారీలు ఎక్కువవుతాయి. కృష్ణ స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ఎదురుపడేవి చాలామటుకు బల్కర్లే. శక్తినగర్ థర్మల్ కేంద్రంలో మిగిలే బూడిదను సిమెంటు ఫ్యాక్టరీలకు మోసే పొట్ట ట్యాంకర్లవి. డిసెంబరు చీకటి. ఒక్కో బల్కరు దూసుకుపోయాక మా హెడ్‌లైట్ల ముందు కాసేపు సన్నటి బూడిద తెర నిలబడుతోంది. వెలుతురు ఆ తెర దాటి పోకుండా మన కళ్లలోకే తిరిగొస్తుంది.

"హైబీమ్ ఏస్తే ఇంకా కనవడది సార్. లో మీదనే పోవాలె" అన్నాడు డ్రైవర్. పాలమూరు మనిషి. ఈ దారిలో రాత్రుళ్లు తిరిగి తిరిగి అలవాటైనవాడు.

నేనడిగితే డిప్పర్ భాషంతా విప్పి చెప్పాడు. ఎదుటివాడు ఒకసారి కొడితే 'నీ లైటు దించు' అని. ఇరుకు వంతెన దగ్గర కొడితే 'నేనొస్తున్నా, నువ్వాగు' అని. పట్టపగలు కొడితే మాత్రం 'ముందర చెకింగ్ ఉంది' అని. వెనక నుంచి కొడితే సైడు అడుగుతున్నట్టు. మరి ముందున్న లారీవాడు కుడి ఇండికేటర్ వేస్తే? "అది మాత్రం ఆలోచించాలె సార్. కొందరు పొమ్మని ఏస్తరు, కొందరు పోవద్దని ఏస్తరు. కొందరు నిజంగనే కుడికి తిరుగుతరు!"

నవ్వేశాను కానీ, నేను వెళ్తున్న పనికి దీనికన్నా మంచి మొదలు ఉండదనిపించింది. సింధనూరు దగ్గర క్యాంపులో మా అక్కావాళ్లుంటారు. వాళ్లబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు ఫోన్ చేసి, "మామయ్యా, టార్చిలైటు వెలుతుర్లో పెట్టి పాట పంపించాను, వచ్చి వినండి" అన్నాడు. రోడ్ల మీద వాహనాలు కంటికి కనిపించే కాంతితోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే విద్య గురించి నేను కొన్నేళ్లుగా కాగితాల మీద చదువుతున్నవాణ్ణే. చెవులతో వినింది లేదు.

దేవసుగూరు దగ్గర కృష్ణ మీద నిజాం కాలపు వంతెన వచ్చింది. అవతలి గట్టు నుంచి కర్ణాటక, రాయచూరు జిల్లా. చీకట్లో నది కనిపించదు. కనిపించేవి శక్తినగర్ పొగగొట్టాల మీది ఎర్ర దీపాలు మాత్రమే. 1985లో మొదటి యూనిట్ మొదలైన కేంద్రమిది. ఇప్పుడు ఎనిమిది యూనిట్లు, 1720 మెగావాట్లు. ఆ ఎర్ర దీపాలు విమానాలు నడిపేవాళ్ల కోసం. 'ఇక్కడ గొట్టముంది, తప్పుకో' అన్న ఒక్క మాటే రాత్రంతా చెబుతుంటాయి. దీపంతో వాహనానికి సంగతి చేరవేయడం ఎప్పటినుంచో ఉన్నదే. కొత్తగా వచ్చిందల్లా వేగం.

మన డ్రైవరు వేలితో డిప్పర్ ఎంత గబగబా కొట్టినా సెకనుకు నాలుగైదు సార్లు మించదు. ఎల్‌ఈడీని మాత్రం సెకనుకు లక్షల సార్లు వెలిగించి ఆర్పవచ్చు. సెకనుకు రెండు వందల సార్లు దాటితే కంటికి మినుకుమినుకు తెలియదు, నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. వెలిగితే ఒకటి, ఆరితే సున్నా అనుకుంటే కంప్యూటర్ భాష అందులో ఇమిడిపోతుంది. అందుకునేందుకు అవతలి బండికి కాంతిని పసిగట్టే ఫొటోడయోడో కెమెరానో ఉంటే చాలు. జపాన్‌లో కేయో విశ్వవిద్యాలయానికి చెందిన మసావో నకగావా 2000 సంవత్సరం ప్రాంతంలోనే దీని మీద పనిచేశాడు. 2011లో ఎడిన్‌బరోలో హరాల్డ్ హాస్ టేబుల్ లైటు వెలుతురులోంచి వీడియో పంపి చూపించాక 'లైఫై' పేరు ఊరూరా పాకింది. ఆ ఏడాదే ఐఈఈఈ సంస్థ 802.15.7 అన్న ప్రమాణం తెచ్చింది. ఏ మెరుపుకి ఏ అర్థమో రాసిపెట్టిన వ్యాకరణం అది. కుడి ఇండికేటరుకు మూడు అర్థాలుండే మన రోడ్డు మీద ఆ వ్యాకరణం విలువ ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది.

రాయచూరులో రాత్రి బస. మర్నాడు పొద్దున కోట చూడకుండా ఊరు దాటబుద్ధి కాలేదు. కాకతీయుల కాలంలో, 1294లో, గోరె గన్నయ రెడ్డి కోసం విఠలనాథుడు ఈ కోట కట్టించాడని పడమటి గోడలోని రాతి మీద తెలుగు శాసనం ఉంది. ఆ ఒక్క రాయి పొడవే 41 అడుగుల పైచిలుకు. అంత రాయిని గని నుంచి ఎలా తెచ్చారో కూడా అక్కడే చెక్కారు. బండి మీద రాయి, దాన్ని లాగుతున్న దున్నపోతుల బారు, కొరడాలు ఎత్తిన తోలేవాళ్లు, వెనక చక్రాల దగ్గర సన్నకోలలు పట్టిన మనుషులు. నాకు అక్కడ కనిపించింది ఒకటే ప్రశ్న. అంత పొడవు బారులో ముందున్న దున్నల్ని తోలేవాడికి వెనక చక్రం ఇరుక్కుందని ఎలా తెలిసేది? కేకలే అయ్యుంటాయి. వరసలో ఒకరి నుంచి ఒకరికి.

రోడ్డు మీద ఈ ఇబ్బంది ఇప్పటికీ తీరలేదు. లారీ వెనక వెళ్తున్నప్పుడు ఆ లారీ ముందు ఏముందో మనకు కనబడదు. ముందు ఎద్దులబండి అడ్డొచ్చి వాడు బ్రేకు తొక్కితే, ఎర్ర లైటు వెలిగాకే మన కాలు కదులుతుంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మనిషి చూసి, అర్థం చేసుకుని, కాలు వేసేలోపు ఒక సెకను సులువుగా పోతుంది. పాత రకం ఫిలమెంట్ బల్బయితే అది వేడెక్కి పూర్తిగా వెలగడానికే సెకనులో ఐదోవంతు పడుతుంది. అక్కడే మూడు మీటర్లు గల్లంతు. ఎల్‌ఈడీ బ్రేకు లైటు వచ్చాక ఆ మూడు మీటర్లు మిగిలాయి. ఆ లైటే మాట్లాడగలిగితే, 'ఇంత వేగంలో ఉన్నాను, ఇంత గట్టిగా ఆపుతున్నాను, నా ముందువాడు కూడా ఆపాడు' అని వెనక బండి కంప్యూటరుకు కన్ను ఆర్పేలోపు చెప్పేస్తుంది. ఆ బండి తన వెనకదానికి చెబుతుంది. శాసనం రాతి మీది కేకల వరసే, నోటికి బదులు దీపం.

రాయచూరు నుంచి సింధనూరుకు మాన్వి మీదుగా ఎనభై కిలోమీటర్ల పైమాటే. పత్తి మార్కెట్టుకు వచ్చే లారీలు మాన్వి దాకా వదల్లేదు. పత్తి బోరాలు పక్కలకు, వెనక్కు ఎంత పొంగి ఉంటాయంటే లారీ వెనక దీపాలు వాటి చాటుకు పోతాయి. అవి ఎంత తెలివైన దీపాలైనా ఇక ఎవరితో మాట్లాడతాయి? పోత్నాళ్ దాటాక నేల నల్లబడి, పొలాలు వరి రంగుకు తిరిగాయి. తుంగభద్ర ఎడమ కాలువ ఆయకట్టు అది. ఆనకట్ట 1953లో పూర్తయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు అక్కడ ఎకరం అమ్ముకుని ఇక్కడ ఎకరాలు కొనుక్కున్నారు. వాళ్లు దిగిన చోటల్లా 'క్యాంపు' అయింది. డెబ్బై ఏళ్లయినా పేరు క్యాంపే. బంగాళీ శరణార్థుల క్యాంపులూ ఆ పక్కనే ఉన్నాయి. మా బావ వాళ్ల నాన్నగారు తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చారు. బావ పుట్టిందిక్కడే. ఇంట్లో గోదావరి తెలుగు, రోడ్డెక్కితే కన్నడం, కోపమొస్తే రెండూ.

భోజనాలయ్యాక అల్లుడు సరంజామా బయటికి తీశాడు. తోట దీపాల్లోంచి పీకిన అరచేతి వెడల్పు సోలార్ ప్యానెల్, దానికి వైరుతో తగిలించిన స్పీకరు, మరోపక్క ఫోనుకూ బ్యాటరీకీ కలిపిన తెల్ల ఎల్‌ఈడీ. ఫోన్లో ఘంటసాల పాట పెట్టాడు. ఎల్‌ఈడీ మామూలుగానే వెలుగుతోంది. దాన్ని ప్యానెల్ వైపు తిప్పగానే స్పీకర్లోంచి పాట! మధ్యలో చెయ్యి అడ్డం పెడితే పాట ఆగింది. వేళ్లు కాస్త విడదీస్తే సందుల్లోంచి వచ్చినంత పాట వినబడింది. మా అక్క వచ్చి చీర కొంగు అడ్డం పెట్టి చూసింది. కొంగులోంచి సన్నగా వినిపించింది.

"దీనికి ఫోనులో బ్లూటూత్ లేదా ఏంటి?" అన్నాడు బావ. సరైన ప్రశ్నే. దానికి మేమిద్దరం కలిసి జవాబు చెప్పడానికి కాసేపు పట్టింది. రేడియో తరంగం నాలుగు వైపులా పోతుంది. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌ను చదివేదీ రేడియోనే. వాహనాలు మాట్లాడుకోవడానికి ప్రపంచమంతా ముందు నమ్ముకున్నదీ రేడియోనే. సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీలో డ్రైవరు లేని బండ్ల కోసం 2022లో ప్రారంభించిన టిహాన్ పరీక్షా మైదానంలోనూ అంతే. కానీ రోడ్డు మీద నలభై బండ్లు ఒకేసారి రేడియోలో 'బ్రేకు వేశాను' అంటే, అందులో నా ముందున్నవాడు ఎవడో తేల్చుకోవాలి. వెలుతురులో ఆ తగువు లేదు. కెమెరాకు ఏ దీపం కనబడుతోందో మాట్లాడుతున్నదీ అదే. కనబడనివాడి మాట వినబడదు. అదే దాని బలం, మలుపు తిరిగితే అదే దాని బలహీనత.

"అయితే మా కాలవ గట్టు మలుపులో పనిచెయ్యదన్నమాట" అన్నాడు బావ. ఒప్పుకున్నాం.

చీకటి పడ్డాక అల్లుడు అసలు సంగతి చూపిస్తానని సింధనూరు రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. టీ కొట్టు పక్కన చింతచెట్టు కింద స్టూలు వేసి, దాని మీద ప్యానెల్ రోడ్డు వైపు తిప్పి, స్పీకరుకు గొంతు పెంచాడు. మొదట జుమ్మని ఒకే రొద. "టీ కొట్టు బల్బు మామయ్యా. కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ మారుతుంది కదా, బల్బు వంద సార్లు ఊగుతుంది. ఆ వంద వినబడుతోంది." ప్యానెల్‌కి బల్బు వైపు అట్ట అడ్డం పెడితే రొద తగ్గింది.

ఆ తర్వాత రోడ్డు వినిపించడం మొదలైంది. పాత లారీ వచ్చింది, ఫిలమెంట్ హెడ్‌లైట్లు. కళ్లు చెదిరేంత వెలుతురు, స్పీకర్లో మాత్రం దాటేటప్పుడు 'దుబ్' అన్న చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ కరెంటు మీద ఎర్రగా కాలే తీగ ఊగదు. వెనకే కొత్త కారు వచ్చింది. అది మమ్మల్ని దాటి తోక దీపాలు మా వైపు తిరిగేసరికి కీచుమని సన్నటి స్వరం, దూరం పోయేకొద్దీ బక్కచిక్కింది. నాకు ఒళ్లు జలదరించింది. మరో కారుకు మరో స్థాయి, కాస్త మంద్రంగా. ఒక బైకు చిమ్మెటలా కూసింది. ఎల్‌ఈడీ తోక దీపాన్ని మసకగా వెలిగించాలంటే చాలామంది తయారీదారులు దాన్ని సెకనుకు కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగిస్తారు. కంటికి మసకగా ఉంటుంది, ప్యానెల్‌కి స్వరంగా వినబడుతుంది. స్పీడ్ బ్రేకర్ ముందు ఒక కారు బ్రేకు తొక్కింది. లైటు భగ్గున వెలిగింది, స్వరం ఠక్కున ఆగింది! పూర్తిగా వెలిగితే ఇక ఆర్పడం ఉండదు కదా. వదలగానే మళ్లీ కూత.

ఆ కూతల్లో కబురేమీ లేదు. అయినా ఇన్నాళ్లూ ఈ రోడ్డు మీద నా ముందు నుంచే పోతున్న ఇన్ని దీపాలు లోపల్లోపల ఇలా ఊగుతున్నాయని నాకు తట్టనే లేదు. ఆ ఊపును ప్రమాణం ప్రకారం దిద్దితే అదే మాట అవుతుంది. పెద్ద యంత్రమేదో కొత్తగా బిగించాల్సిన పని లేదు, ఉన్న దీపాన్ని ఇంకాస్త తొందరగా, ఒక లెక్కలో ఆడించాలి. తెల్ల ఎల్‌ఈడీతో చిన్న మెలిక ఉంది. నిజానికి అది నీలం ఎల్‌ఈడీ. పైనున్న పసుపు పూత వల్ల తెల్లగా కనిపిస్తుంది. ఆ పూత ఆరడానికి కాస్త తాత్సారం చేస్తుంది, అందుకే అందుకునేవైపు నీలపు గాజు పెట్టి నీలాన్ని మాత్రమే వింటారు. ఆ నీలం ఎల్‌ఈడీకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చింది. అకసాకి, అమానో ఆ పని చేసిన నగోయా విశ్వవిద్యాలయంలోనే తకాయా యమజాతో బృందం ట్రాఫిక్ సిగ్నల్ దీపాల మాటను కారు కెమెరాతో చదివించే ప్రయోగాలు చేసింది. జపాన్ రోడ్ల మీద 1996 నుంచి నడుస్తున్న ట్రాఫిక్ సమాచార వ్యవస్థలో కొన్ని స్తంభాలు పరారుణ కాంతితో కార్లకు కబుర్లు చెబుతూనే ఉన్నాయి. అది కంటికి కనబడని కాంతి, అంతే తేడా.

టీ తాగుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లు మా చుట్టూ చేరారు. ఒకాయన సింధనూరు, ఇంకొకాయన అనంతపురం. సందు దొరికింది కదా అని కుడి ఇండికేటర్ సంగతి అడిగాను. "పొమ్మనడానికే వేస్తామండి, కుడి పక్క ఖాళీ అని" అన్నాడు సింధనూరాయన. "అట్లెట్లప్పా! కుడికేస్తే రావద్దని. ఎడమకేస్తేనే పొమ్మని" అన్నాడు అనంతపురమాయన. ఇద్దరూ ఇన్నేళ్లుగా ఒకే రోడ్డు మీద ఒకరికొకరు ఇండికేటర్లు వేసుకుంటున్నారు. ఎవరిది ఒప్పో తేలలేదు. టీ డబ్బులు మాత్రం ఇద్దరూ ఇస్తామని పోట్లాడారు.

ఇంతలో స్పీకర్లో ఏ చప్పుడూ లేకుండా, ఏ వెలుతురూ లేకుండా మా ముందు నుంచి ఒక పెద్ద ఆకారం పోయింది. వడ్ల బస్తాల ట్రాలీ. ట్రాక్టరుకు ముందు ఒంటి దీపం, అది అవతలి పక్కన. ట్రాలీ వెనక దీపం లేదు, మెరిసే స్టిక్కరు కూడా లేదు. దాని వెనకే కోత మిషన్లు రెండు, ఒక క్యాంపులో పని ముగించుకుని ఇంకో క్యాంపుకు. వాటికి మాత్రం ఆర్భాటంగా దీపాలున్నాయి. నాకు ఆ ట్రాలీయే కళ్లలో మెదిలింది. నగోయాలో దీపాలకు మాటలు నేర్పుతున్నారు, ఇక్కడ సగం బండ్లకు ఆ నోరే లేదు. ఈ జిల్లాలో ఈ విద్య ఎక్కడ మొదలుపెట్టాలని నన్నడిగితే ట్రాలీ తోక దగ్గర అంటాను. ఎలాగూ ఎర్ర దీపం బిగించక తప్పదు, ఆ బిగించేదేదో మాట్లాడగలిగేదే బిగిస్తే సరి. బావ ట్రాలీకి దీపముందా అని అడగబోయి, ఆయన ముఖం చూసి మానేశాను.

మర్నాడు పట్టపగలు పరీక్ష. రాత్రి బాగా విన్న ప్యానెల్ ఎండలో మూగబోయింది. అల్లుడి మాటల్లో, ఎండకు ప్యానెల్ నిండిపోతుంది, ఇక చిన్న దీపం ఊపు దానికి ఆనదు. మొదటిసారి కాంతి మీద మాట పంపింది ఎండతోనే అని వాడికి చెప్పాను. 1880 జూన్ 3న వాషింగ్టన్‌లో గ్రాహం బెల్ సహచరుడు టైంటర్ ఒక బడి పైకప్పు నుంచి మాట్లాడితే, ఆ గొంతుకు సన్నటి అద్దం కదిలి, దాని మీది ఎండ ఊగి, 213 మీటర్ల అవతల సెలీనియం బిళ్ల దగ్గర బెల్ చెవికి మాటై వినిపించింది. టెలిఫోన్ కన్నా ఇదే గొప్పదని బెల్ నమ్మాడు. మబ్బు పడితే మాట ఆగేది కనుక లోకం నమ్మలేదు. ఆయనకు ఎండ లేకపోతే కష్టం, మాకు ఎండ ఉంటే కష్టం. డిసెంబర్లోనే ఇలా ఉంటే రాయచూరు మే నెల సంగతి చెప్పక్కర్లేదు.

కెమెరా అయితే ఎండ ఒక చుక్కలో, దీపం ఇంకో చుక్కలో పడి వేరుపడతాయి. ప్యానెల్‌కి ఆ వివేకం లేదు. బావ పొలంలోంచి రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, మూర పొడవుది తెచ్చాడు. లోపల నల్ల కాగితం చుట్టి, అడుగున ప్యానెల్ పెట్టి, ట్రాక్టరు ముందు కట్టాం. ఎల్‌ఈడీని ముందు నడిచే ట్రాలీ వెనక కట్టాం, ఎదుట భూతద్దం పెట్టి. పక్కింటాయన ట్రాలీ లాగుతుంటే వెనక మేము. పైపు చుట్టూ ఉన్న ఎండను ఆపేసింది. పాట వచ్చింది! గరగరగా ఉన్నా ఘంటసాల గొంతే. బావ ముఖం వెలిగిపోయింది. గట్టు నిటారుగా ఉన్నంతసేపూ బాగానే సాగింది. తూము దగ్గర మలుపులో ట్రాలీ పక్కకు ఒరిగేసరికి పైపు దాన్ని చూడలేక పాట తెగింది.

"పైపు పొట్టిది చేస్తే వెడల్పుగా చూస్తుంది" అన్నాడు అల్లుడు. "పొట్టిది చేస్తే ఎండ కూడా దూరుతుంది కదరా" అన్నాడు బావ. "రెండు ప్యానెళ్లు పెడదాం నాన్నా, చెరో వైపు తిప్పి." "రెండు పైపులా? ఆ పైపు స్ప్రింక్లర్లది, కోసింది చాలు." హాక్సా బ్లేడు ఒకరి చేతిలో, పైపు ఇంకొకరి చేతిలో. నా బస్సు టైమైంది. అరమూర కోయాలా, బెత్తెడు కోయాలా అన్నది నేను క్యాంపు దాటేవరకూ తెగలేదు.